రాయడానికి ఏముంది?

ప్రశ్న: కథలు రాయాలని ఉంది. కానీ ఇల్లు, ఆఫీసు, బస్సు తప్ప నా జీవితంలో ఏమీ జరగదు. రచయితలకు కథలు ఎక్కడ దొరుకుతాయి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బస్సు ఉందిగా, చాలు. చిల్లర లేక కండక్టరు ఇద్దరికీ కలిపి ఒకే నోటు ఇచ్చి 'మీరూ మీరూ చూసుకోండి' అనడం చూసే ఉంటారు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరూ స్టాపులో దిగి, కొట్టు కొట్టుకీ తిరిగి చిల్లర అడగాలి. ఒకరికి తొందర, ఇంకొకరికి తన వాటాకొచ్చే పదిహేను రూపాయలు వదులుకునే స్తోమత లేదు, ఆ మాట పైకి చెప్పుకోలేరు. ఎవరు ముందు 'పోనీలెండి' అంటారు? కథంతా అక్కడే ఉంది.

గురజాడ 'కన్యాశుల్కం' కూడా చుట్టూ జరుగుతున్నదాన్ని చూసి రాసిందే. విజయనగరం మహారాజు చొరవతో విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల (పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల) జాబితా తీస్తే 1034 తేలాయని ఆయనే 1897 నాటి ముందుమాటలో రాశారు. ఏడాది నిండిన పసిపిల్లల పెళ్లిళ్లు కూడా అందులో ఉన్నాయి! అయితే అంకెలతోనే నాటకం కాదు, మనుషులు ఎలా మాట్లాడతారో ఆయన చెవికి బాగా తెలుసు.

మీరూ ముందు మాటలు పట్టుకోండి. విన్నది విన్నట్టు, యాస మార్చకుండా, ఆ రాత్రే రాసేయండి, ఎందుకంటే తెల్లారేసరికి మన భాషలోకి మారిపోతుంది. కథ సంగతి తర్వాత.