పెన్న ఒడ్డున నడకకు కొత్తవాళ్లను తీసుకెళ్తే వాళ్లనే ముందు నడవనివ్వండి

నడక అలవాటు లేని స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని పెన్న ఒడ్డున రోజంతా నడవాలంటే ఏం చూసుకోవాలని అడిగారు. సంచిలో ఏం పెట్టుకోవాలో చాలామంది చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే: వాణ్ణి ముందు నడవనిచ్చి మీరు వెనక ఉండండి. అలవాటున్నవాడు ముందుంటే కొత్తవాడు పరువు కోసం పరిగెత్తి మధ్యాహ్నానికి కూలబడతాడు. ఎవరైనా ఇంతే.

మా చిన్నాన్న కొడుక్కి బెంగుళూరులో ఉద్యోగం. సంక్రాంతికి ఊరొచ్చి, మా నెల్లూరు జిల్లాలో సంగం ఊరి నుంచి జొన్నవాడ దాకా నాతో నడుస్తానన్నాడు. సంగమేశ్వరుడి గుడి దగ్గర చీకటితోనే బయల్దేరాం. కట్ట ఉన్నంత మేర కట్ట మీద, లేనిచోట పొలం గట్ల మీద, వాడు ముందు, నేను వెనక. మొదట్లో ఆఫీసు సంగతులు, ఇంటి అద్దెలు, ఒకటే కబుర్లు. ఎండెక్కేసరికి మాట ఆగిపోయింది. కాసేపటికి కుడికాలు మడమ ఆనించకుండా మునివేళ్ల మీద వేస్తున్నాడు. నేను ముందుంటే అది నా కంట పడేదే కాదు.

"ఏం లేదన్నా, పద" అన్నాడు. బలవంతాన వేపచెట్టు కింద కూర్చోబెట్టి బూట్లు విప్పించాను. పండక్కి కొన్న కొత్త బూట్లు. దులిపితే దోసెడు ఇసుక రాలింది. మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ, చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. చిదిపేస్తానని వాడంటే నేను ఒప్పుకోలేదు. కడిగి, ఆరనిచ్చి, పాత పంచె గుడ్డ చుట్టి, సంచిలోంచి రబ్బరు చెప్పులు తీసిచ్చాను. వాటికి మడమ దగ్గర పట్టీ ఉండదు, ఒరుసుకోదు.

ఇక అక్కణ్ణుంచి నదిలోకి దిగి ఇసుకలో అడ్డంగా పోదామన్నాడు, దగ్గరని. ససేమిరా అన్నాను. పైకి చదునుగానే కనిపిస్తుంది గానీ యంత్రాలతో తవ్వి వదిలేసిన గుంతలున్నాయి. ఎగువన సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదిలితే అవి నిండిపోయి, మోకాలి లోతు అనుకున్నచోట నిలువు లోతుంటుంది. అలాంటి గుంతల్లోనే ఈతకు దిగిన పిల్లలు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఇసుక అమ్ముకున్నవాళ్లకు గుంత పూడ్చడానికి చేతులు రావా? కనీసం ఒక బోర్డు పెట్టొచ్చు కదా? నా చిన్నప్పుడు ఇదే నదిలో చేత్తో చెలమ తీస్తే తేటనీరు ఊరేది, గొడ్లు కాసేవాళ్లు అవే తాగేవాళ్లు. నీళ్లను పట్టి ఉంచేదే ఇసుక. దాన్ని లారీల కెత్తి పంపేసి, బోర్లు ఎండిపోయాయని ఏడిస్తే ఏం లాభం?

మా నెల్లూరు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో ఒడ్డు నడక పెట్టుకోవద్దు. 2021 నవంబరులో ఇదే పెన్న పొంగి నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర హైవేనీ రైలు పట్టాలనీ దెబ్బతీసింది. జనవరి, ఫిబ్రవరి మంచి కాలం. అప్పుడైనా పైనుంచి నీళ్లు వదులుతున్నారేమో కనుక్కుని బయల్దేరండి.

జొన్నవాడ చేరేసరికి పొద్దు వాలింది. కామాక్షమ్మ దర్శనం చేసుకుని ఆటోలో నెల్లూరు వచ్చేశాం. మీ వాడికి అంత దూరం కష్టమైతే పట్టుబట్టకండి. సంగం నుంచి కిందికి నడిచేటప్పుడు నది మీకు కుడిచేతి వైపు, నెల్లూరు నుంచి ముంబై పోయే హైవే ఎడమచేతి వైపు ఉంటాయి. ఊళ్లోంచి దారి కనుక్కుని రోడ్డెక్కితే బుచ్చిరెడ్డిపాళెం మీదుగా నెల్లూరు పోయే బస్సు దొరుకుతుంది.