వెనిల్లా సంగతి తర్వాత, ముందు పాలు సరిగ్గా కాచు

అమ్ములూ,

ఇంట్లో చేసిన వెనిల్లా పెరుగు అని నువ్వు పంపిన ఫొటో చూశాను. పైన తేట నీళ్లు, అడుగున గడ్డలు గడ్డలుగా పెరుగు. "ఎసెన్స్ బాగాలేదేమో, ఇంకో రకం కొననా పెదనాన్నా" అని అడిగావు. కొనకు, దాని తప్పేమీ లేదు. బజారు వెనిల్లా యోగర్ట్ కప్పులో కనిపించే ఆ నున్నదనం, చెంచాకి పట్టుకునే చిక్కదనం వెనిల్లాతో వచ్చేవి కావు, అవన్నీ తోడు వెయ్యకముందే పాలగిన్నెలో తేలిపోతాయి. ఉద్యోగమంతా డెయిరీ ల్యాబ్‌లో పాలూ పెరుగూ చూస్తూనే గడిపినవాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, బుజ్జిగాడు పడుకున్నాక తీరిగ్గా చదువుకో.

ముందు నువ్వు కొనే ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో చూడు. టోన్డ్ పాలైతే కొవ్వు 3 శాతం, కొవ్వు కాని ఘనపదార్థాలు (ఎస్ఎన్ఎఫ్ అని రాస్తారే, అవి) 8.5 శాతం. ఫుల్ క్రీమ్ అయితే 6, 9. ఈ పెరుగుకి ఫుల్ క్రీమ్ తీసుకో. డబ్బులు మిగులుతాయనో, లావైపోతామనో టోన్డ్ పాలతో మొదలుపెట్టావంటే తర్వాత ఎన్ని తంటాలు పడినా అది మజ్జిగకి చుట్టమే. గేదెపాలు పోసేవాళ్లు దొరికితే ఇంకా మంచిది, వాటిలో కొవ్వూ ఎక్కువే, పెరుగుని గట్టిగా పట్టి ఉంచే మాంసకృత్తులూ ఎక్కువే. కాకపోతే విడిపాలతో ఒక చిక్కుంది. ఎండాకాలంలో పాలు విరిగిపోకుండా కొందరు చిటికెడు సోడా కలుపుతారు, ల్యాబ్‌లో మేం దానికి వేరే పరీక్ష చేసేవాళ్లం. అలాంటి పాలు ఎంతసేపటికీ సరిగ్గా తోడుకోవు, తప్పు తోడుదేమో అనుకుంటాం. నమ్మకమైన మనిషి ఉంటేనే విడిపాలు, లేదంటే ప్యాకెట్టే నయం. అట్టపెట్టె (టెట్రాప్యాక్) పాలు కూడా తోడుకుంటాయి కానీ పెరుగు కాస్త మెత్తగా వస్తుంది, ఇంట్లో ఇంకేమీ లేనప్పుడే వాడు.

ఇప్పుడు అసలు విషయం, కాచడం. మీ వయసు పిల్లలు చాలామంది ఇక్కడే తొందరపడతారు. పాలు పొంగగానే స్టవ్ కట్టేస్తారు, లేదా ప్యాకెట్ పాలు ముందే పాశ్చరైజ్ చేసినవి కదా, గోరువెచ్చగా చేస్తే చాలు అనుకుంటారు. పాశ్చరైజ్ చెయ్యడమంటే పాలని 72 డిగ్రీల దగ్గర ఓ 15 సెకన్లు ఉంచి చల్లబరచడం, అది జబ్బులు తెచ్చే సూక్ష్మజీవుల్ని చంపడానికి సరిపోతుంది, పెరుగు చిక్కబడటానికి సరిపోదు. పాలలోని మాంసకృత్తుల్లో నూటికి ఎనభై పాళ్లు కేసీన్, పెరుగు గట్టిపడేది దానివల్ల. మిగతావి వే ప్రోటీన్లు, అంటే పాలు విరిగినప్పుడు తేటనీళ్లతో పాటు వెళ్లిపోయే రకం. పాలని 85, 90 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచితే ఈ వే ప్రోటీన్లు ముడి విప్పుకుని కేసీన్‌కి అతుక్కుంటాయి, అప్పుడు పెరుగు తోడుకునేటప్పుడు అల్లుకునే వల దట్టంగా ఉండి నీళ్లని వదలదు. నీ గిన్నెలో పైకి తేలిన నీళ్లు వల పలుచగా ఉండబట్టి వచ్చినవే అని నా అనుమానం.

అందుకని పొంగు వచ్చాక స్టవ్ బాగా సిమ్‌లో పెట్టి, గరిటెతో అడుగు నుంచి కలుపుతూ పది పదిహేను నిమిషాలు ఉంచు. అడుగు మందంగా ఉన్న గిన్నె వాడు, మాడిన వాసన ఒక్కసారి పట్టిందంటే సీసాడు వెనిల్లా పోసినా పోదు. కలుపుతూ ఉంటే మీగడ కూడా కట్టదు. మామూలు పెరుగు మీద మీగడ ఉంటే నాకూ ప్రాణమే కానీ, నువ్వు చేసేదాంట్లో అది నోటికి తునకలు తునకలుగా తగులుతుంది, పిల్లాడు ఊసేస్తాడు. ఒకవేళ కట్టినా తోడు వేసేముందు జల్లెడలో వడపోసెయ్.

మా అమ్మ పాలని దాలిలో పెట్టేది, నీకు గుర్తుండదులే. పిడకల సెగ మీద పొద్దున పెట్టిన కుండ సాయంత్రానికి దించితే పాలు ఎర్రగా, మీగడ దళసరిగా ఉండేది. ఆ పెరుగుని గరిటెతో కోసి వడ్డించాల్సిందే. ఆవిడకి కేసీన్ సంగతి తెలియదు కానీ చేసింది ఇదే, ఎక్కువసేపు సన్నసెగ. పైగా కొంత నీరు ఆవిరై పాలు కూడా చిక్కబడేవి. గ్యాస్ మీద అంతసేపు కాచమని నేను చెప్పను, బిల్లు చూసి మీ ఆయన నాకు ఫోన్ చేస్తాడు. దాని బదులు లీటరు పాలకి మూడు నాలుగు టేబుల్ స్పూన్లు పాలపొడి, అంటే సుమారు 25 నుంచి 30 గ్రాములు, ముందే కాసిని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి, కాచే పాలలో పొయ్యి. ఇంతకన్నా ఎక్కువ వేస్తే నోట్లో సుద్దపిండిలా తగులుతుంది. ఫ్రెష్ క్రీమ్ ఉంటే రెండు చెంచాలు వేసుకో, లేకపోయినా నష్టం లేదు. కార్న్‌ఫ్లోర్, జెలటిన్ వెయ్యమని ఎవరైనా చెబితే వినకు. బజారు కప్పుల్లో కొన్నిటికి ఆ బిగువు అలాంటి వాటితోనే వస్తుంది, జెలటిన్ అయితే పశువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసేది, మీ అత్తగారికి తెలిస్తే ఆ గిన్నె కూడా ముట్టుకోరు.

తోడు వేసేది 43, 45 డిగ్రీల మధ్య. వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కో, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వస్తుంది, పెరుగు యంత్రం అని అమ్మేదానికన్నా ఇదే పనికొస్తుంది. లేనప్పుడు శుభ్రంగా కడుక్కున్న చిటికెన వేలు పాలలో ముంచి పది అంకెలు లెక్కపెట్టు, వేడి తెలుస్తూనే ఓర్చుకోగలిగితే సరైన వేడి. 50 దాటితే తోడులోని బ్యాక్టీరియా దెబ్బతింటుంది. మరీ చల్లారితే పెరుగు తోడుకోవడానికి రాత్రంతా పట్టి ఈలోగా పుల్లబడుతుంది.

తోడు గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. మన ఇళ్లలో తోడు ఎన్నో రకాల బ్యాక్టీరియా కలగలుపు, ఇంటింటికీ వేరు, మన వాతావరణంలో గిన్నె గట్టు మీద పెట్టినా పనిచేస్తుంది, కమ్మటి వాసన కూడా ఇస్తుంది. యోగర్ట్ అని అమ్మేదాంట్లో మాత్రం ప్రధానంగా రెండే రకాలు, వేడిని ఇష్టపడేవి. వాటిలో ఒకదాన్ని 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా కుర్రాడు తన ఊరి పెరుగులోంచే పట్టుకున్నాడు, అందుకే దానికి బల్గేరికస్ అని పేరు. నువ్వు ఏ తోడు వేసినా ఫరవాలేదు, కాకపోతే పులుపు లేనిది చూసుకో. పుల్లటి పెరుగులో వెనిల్లా వాసన అణిగిపోతుంది, దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకా పంచదార, ఇంకా ఎసెన్స్ పోసుకుంటూ పోతాం. మీ ఇంటి పెరుగు తీగలు సాగుతుంటే ఆ తోడు పక్కన పెట్టేసి, బజారులో పులుపు లేని, ఏ ఫ్లేవరూ కలపని పెరుగు కప్పు ఒకటి తెచ్చి దాంతో మొదలుపెట్టు. లీటరుకి రెండు టేబుల్ స్పూన్లు చాలు. ఎక్కువ తోడు వేస్తే గట్టిగా వస్తుందనేది భ్రమ, ఎక్కువైతే పులుపెక్కి పిండిపిండిగా అవుతుంది. కాసిని పాలలో తోడుని చిలికి, ఆ తర్వాత గిన్నెలో కలుపు.

ఇక కదిలించకు. హాట్‌ప్యాక్‌లో పెట్టినా సరే, కుక్కర్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి అందులో గిన్నె దించి మూత పెట్టినా సరే. అదే వేడి నిలిస్తే నాలుగు నుంచి ఆరు గంటలు. పట్టిందా లేదా అని మధ్యలో గిన్నె వంచి చూడకు, నీకా అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. పట్టీ పట్టగానే ఫ్రిజ్‌లోకి తోసెయ్, అక్కడ ఇంకొంచెం బిగుసుకుంటుంది, పులుపూ ఆగుతుంది. రాత్రి తోడేసి పొద్దున ఎనిమిదింటి దాకా బయటే వదిలేస్తే మాత్రం పులిసిందని నన్ను అడక్కు.

బజారు కప్పు లాంటి చిక్కదనం కావాలంటే ఆఖరిపని వడకట్టడం. పాత మల్లు పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి, జల్లెడ మీద పరిచి, పెరుగు పోసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లోనే మూడు నాలుగు గంటలు ఉంచు. లీటరు పాల పెరుగు ఇంచుమించు సగానికి దిగుతుంది. గుడ్డని సబ్బు లేకుండా వేడినీళ్లలో మరిగించి వాడు, పెరుగు వాసనల్ని పీల్చేసుకుంటుంది, డిటర్జెంట్ వాసన వచ్చిన పెరుగుని ఎవరూ బాగుచెయ్యలేరు. అదే ఫ్రిజ్‌లో మూతలేని అల్లం వెల్లుల్లి ముద్ద ఉంటే దాన్నీ తీసెయ్. కిందికి దిగిన పచ్చటి నీళ్లు పారబొయ్యకు, చపాతీ పిండి కలుపుకో, మజ్జిగ పులుసులో పొయ్యి.

ఇప్పుడొచ్చింది నీ వెనిల్లా. వడకట్టిన పెరుగులో పంచదార పొడి, వెనిల్లా వేసి గరిటెతో మెల్లగా మడతపెట్టినట్టు కలుపు. మిక్సీలో వెయ్యకు, మనం కష్టపడి కట్టిన వలంతా తెగి మళ్లీ జారిపోతుంది. పంచదార ముందే పాలలో వెయ్యొచ్చు కూడా, చిన్న కప్పుల్లో తోడేసి అలాగే తినిపించాలనుకుంటే అదే పద్ధతి, లీటరుకి 50, 60 గ్రాములు దాటకుండా చూసుకో. తీపి మరీ ఎక్కువైతే బ్యాక్టీరియా నెమ్మదిస్తుంది. వడకట్టేదానికి మాత్రం ముందు వెయ్యడం దండగ, సగం తీపి నీళ్లతోనే పోతుంది.

చిన్న సీసాల్లో దొరికే ఎసెన్స్ చాలావరకు ఫ్యాక్టరీలో చేసిన వెనిలిన్, అంటే వెనిల్లాకి ఆ వాసననిచ్చే పదార్థం. అది విషమేమీ కాదు, చల్లటి పెరుగులో బాగానే ఉంటుంది, అర కిలోకి పావు టీస్పూను చాలు, ఎక్కువైతే చేదు. ఎక్స్‌ట్రాక్ట్ అంటే వెనిల్లా కాయల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసింది, అది అర టీస్పూను. ఏదైనా సరే మరిగే పాలలో వెయ్యకు, వాసనంతా ఆవిరితో పాటు వంటింట్లోకే పోతుంది, పక్కింటివాళ్లకి తప్ప నీకేం మిగలదు. కాయే దొరికితే పద్ధతి వేరు. నిలువుగా చీల్చి, లోపలి నల్లటి గింజలు గీకి, కాయతో సహా స్టవ్ కట్టేసిన వేడిపాలలో వేసి, పాలు చల్లారేదాకా ఉంచి కాయ తీసెయ్. కాకపోతే గింజలు బరువుకి అడుగున చేరతాయి, చుక్కలు అంతటా కనబడాలంటే కొన్ని దాచి చివర్లో కలుపు. తీసిన కాయ కడిగి ఆరబెట్టి పంచదార డబ్బాలో పడేస్తే ఆ పంచదార కొన్ని నెలలు ఘుమఘుమలాడుతుంది.

కాయ ధర చూసి కళ్లు తిరిగితే ఒక మాట గుర్తుపెట్టుకో. అది ఆర్కిడ్ తీగ, పువ్వు ఒక్కరోజే విచ్చుకుంటుంది, దాని సొంత ఊరు మెక్సికో దాటితే ప్రతి పువ్వుకీ మనిషే పుప్పొడి అంటించాలి. ఆ చేతివాటం కనిపెట్టింది 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లాడు, ఇప్పటికీ తోటల్లో అదే పద్ధతి. మన పక్కనే కర్ణాటక, కేరళల్లోనూ పండిస్తారు. నువ్వైతే ఎప్పుడో పండక్కి ఒక కాయ కొనుక్కో, రోజువారీకి ఎసెన్స్ చాలు.

ఎంత ముద్దొచ్చినా వెనిల్లా కలిపిన పెరుగుని మళ్లీ తోడుకి వాడకు, కలపకముందే రెండు చెంచాలు తీసి చిన్న డబ్బాలో పెట్టుకో. కలిపింది నాలుగైదు రోజుల్లో తినెయ్యండి. పళ్లు మాత్రం తినేముందే వెయ్యి. బంగినపల్లి ముక్కలు బ్రహ్మాండం, సపోటా కూడా. పచ్చి అనాసపండు ముక్కలు కలిపి ఫ్రిజ్‌లో పెట్టకు, దాంట్లోని ఎంజైము పాల మాంసకృత్తుల్ని విరగ్గొట్టి పెరుగుని చేదు చేస్తుంది, బుజ్జిగాడు ఒక్క చెంచా తిని ఇంక జన్మలో ఇంటి పెరుగు ముట్టనంటాడు.

శనివారం మొదలుపెడితే పాలు కాచే ముందు ప్యాకెట్ ఫొటో పెట్టు, చూసి చెప్తాను.

పెదనాన్న