చెప్పాల్సిన ఒక్కరికి చెప్పలేదు

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు. బడిలో తెలుగు టీచరు ఉద్యోగం మానేసి రెండేళ్లుగా పదిహేను, పదహారేళ్ల పిల్లల కోసం నవలలు రాస్తున్నాను. అక్క కూతురు విజయనగరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. నాకు బాగా చేరిక. నిరుడు మార్కులు తగ్గాయని భయపడి, స్నేహితురాలి ఇంటికని చెప్పి రాత్రి పదింటి దాకా బొబ్బిలి స్టేషన్‌లో ఒంటరిగా కూర్చుందట. నాకొక్కదానికే చెప్పింది. పేరు మార్చి, ఊరిని పార్వతీపురం చేసి నవలలో రాశాను. తోటి పిల్లలు గుర్తుపట్టారు. అక్కకు సంగతి పుస్తకం చదివాకే తెలిసింది. ‘ఇంటి గుట్టు అమ్ముకున్నావు’ అంటోంది. పాప నా ఫోను ఎత్తడం లేదు. వేయించిన 500 ప్రతుల్లో 300 మంచం కిందే ఉన్నాయి. నాన్న డీఎస్సీకి చదవమంటున్నారు. రాయడం మానేయాలా?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పంపిన అధ్యాయాన్ని రెండుసార్లు చదివాను. బాగుంది, చిక్కంతా అక్కడే ఉంది. వేరుశనగకాయల పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని, గూడ్సు బండి పెట్టెలు లెక్కపెడుతూ 59 దగ్గర లెక్క తప్పి, తర్వాతి బండి కోసం ఎదురుచూసే పిల్లను ఎవరూ కూర్చుని ఊహించలేరు. ఆ పొట్లం, ఆ లెక్క పాప మీకు ఇచ్చినవి. అవి ఉన్నంతవరకు మీరు ఏ ఊరి పేరు పెట్టినా తోటి పిల్లలకు కనిపించేది తనే.

అయితే నన్ను కలవరపెట్టింది పుస్తకం కాదు. పదహారేళ్ల పిల్ల రాత్రిపూట ఒంటరిగా రైలు పట్టాల దగ్గర ఎందుకు కూర్చుంది? రైలెక్కి ఎక్కడికైనా పోదామనా, మరేదైనా మనసులో ఉందా? మీ ఉత్తరం అంతా వెతికాను, ఎవరూ అడిగినట్టు లేదు. మీకు తెలిసిన రోజే అక్కకు చెప్పి ఉండాల్సింది. పాప మాట నిలబెట్టడం కోసం దాచానంటారేమో. మాట నిలబెట్టేవారు నవలలో రాయరు కదా. చెప్పాల్సిన ఒక్కరికి చెప్పలేదు, చెప్పకూడని రెండు వందల మందికి చెప్పారు. కటువుగా ఉందని తెలుసు.

కాబట్టి ముందు పాప సంగతి. ఇప్పుడు ఎలా ఉంది, నిద్రపోతోందా, తింటోందా, తోటివాళ్లు ఏమంటున్నారు, ఇవన్నీ అక్క నెమ్మదిగా కనుక్కోవాలి. చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడనక్కర్లేదు. ‘అనిపించింది’ అంటే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. 14416 టెలిమానస్ నంబరు, మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టింది. ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. 1098 పిల్లల కోసం ఉన్నది. రెండూ అక్క ఫోనులో వేసి ఇవ్వండి.

తర్వాత మీ క్షమాపణ. రచయిత్రిగా కాదు, పిన్నిగా వెళ్లండి. ‘నీలాంటి పిల్లలకు ధైర్యం వస్తుందని రాశాను’ అన్న మాట పొరపాటున కూడా నోట రానివ్వకండి. అది నిజమే అయినా, ఆ ధైర్యం ఖరీదు కట్టింది తను. ‘నువ్వు నమ్మి చెప్పావు. నిన్ను అడగకుండా రాశాను. తప్పు నాది’ అంటే చాలు. తను అరిస్తే వినండి. లోపలికి వెళ్లిపోతే తిరిగి వచ్చేయండి. మీరు అక్కడ ఏడ్చి తనతో ఓదార్పు చేయించుకోకండి.

వెళ్లే ముందే అమ్మకం ఆపించి, దుకాణాల్లో మిగిలినవి వెనక్కి తెప్పించుకోండి. డబ్బు పోతుంది, పోనివ్వండి. తను ఒప్పుకున్న రోజు ఆ అధ్యాయాన్ని తిరగరాసి కొత్తగా వేసుకోవచ్చు. మీ జిల్లాలోనే గురజాడ వారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని ఎంతో మార్చి, పెంచి 1909లో మళ్లీ వేశారు. ఈరోజు మనం చదివేది ఆ రెండోదే. ఒప్పుకోకపోతే? ఆ నవల అక్కడితో ఆగిపోతుంది. ఇంకో నవల రాసుకుంటారు.

అక్కకు సమాధానం చెప్పాలని తొందరపడకండి. ‘అమ్ముకున్నావు’ అన్న మాట వెనుక ‘నా కూతురు నాకు చెప్పలేదే’ అన్న బాధ ఉంది. దానికి మీ దగ్గర మందు లేదు.

ఇక నాన్నగారు. ఆయన డీఎస్సీ రాయమన్నారు, రాతలు తగలబెట్టమనలేదు. మంచం కింద పుస్తకాల కట్టలు రోజూ చూసే తండ్రి అంతకంటే ఏమంటారు? కాళీపట్నం రామారావు గారు విశాఖలో బడిపంతులుగా ఉంటూనే కథలు రాశారు. శ్రీకాకుళంలో 1997లో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం పెట్టింది ఆయనే. వీలైతే ఒకసారి వెళ్లి ఆ బీరువాల మధ్య కాసేపు కూర్చుని రండి. ఉద్యోగం ఉంటే పుస్తకం తొందరగా అమ్ముడవ్వాలన్న ఆత్రం తగ్గుతుంది. ఎవరి బాధనైనా వెంటనే కథ చేసేయాలన్న ఆత్రం కూడా తగ్గుతుందని నా అనుమానం.

హాస్టల్లో చూడనిచ్చే ఆదివారం, అక్కకు చెప్పి, పాప రమ్మంటేనే వెళ్లండి. తనకిష్టమైనది ఏదైనా పట్టుకెళ్లండి, వేరుశనగకాయలు మాత్రం వద్దు.