నర్సుని దేవతని చేయకు

అమ్మాయ్,

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పేదరోగులకి చేసినవాళ్ళ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. చేయి తిరిగింది నీకు, సంతోషం. కానీ నర్సు మేరీ రాబిన్సన్ దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు మండింది. "ఎన్నో కష్టాలకోర్చి నిరుపేదలకు సేవలందించిన కరుణామయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు, ఆమెని పనిలో పెట్టిన వ్యాపారి విలియం రాత్‌బోన్‌కి మాత్రం రెండు పేజీలు!

అసలు జరిగిందేమిటి? 1859లో, చనిపోయిన తన భార్యకి చివరిదాకా చేసిన ఆ నర్సుని రాత్‌బోన్ మూడు నెలలపాటు పేదల ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూడమన్నాడు. నెల తిరిగేసరికి ఆమె ఏడుస్తూ వచ్చి, ఆ దురవస్థ చూడలేను, నన్ను వదిలేయమంది. ఆయన నచ్చజెప్పి పంపాడు. గడువు అయ్యేనాటికి మాననన్నది ఆమే. మధ్యలో ఆ రెండు నెలలూ ఏం చేసిందో అదే కదమ్మా నువ్వు వెతకాల్సింది! తర్వాత ఊరిని 18 భాగాలు చేసి ఇంటింటికీ నర్సుల్ని పంపే ఏర్పాటుకి అదే మొదలు.

పొగడబోయిన ప్రతిచోటా చేసిన పని రాయి. 1832 కలరాలో ఆ ఊరి పేదరాలు కిట్టీ విల్కిన్సన్ ఇంట్లో నీళ్ళు కాచే బాయిలర్ ఉంది, చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. రోగుల బట్టలూ దుప్పట్లూ తెచ్చి ఉతుక్కోమని అందర్నీ పిలిచింది, బ్లీచింగ్ పౌడర్ వాడటం చూపించింది. కలరా నీళ్ళవల్ల వస్తుందని లండన్ డాక్టర్ జాన్ స్నో చెప్పడానికి ఇంకా చాలా ఏళ్ళుంది అప్పటికి. 1842లో ఊరి కార్పొరేషనే పేదలకోసం స్నానాలకీ చాకిరేవుకీ ఒక భవనం కట్టారు. నువ్వు బాయిలర్ ఊసే ఎత్తలేదు, "మహోన్నత సేవ" అన్నావు.

ఈ జబ్బు పత్రికలవాళ్ళు అంటించిందే. కుర్రతనంలో నర్సుల నైట్ డ్యూటీల మీద రాసిస్తే, ఒక వారపత్రిక ఎడిటర్ జీతాల పేరా, కాళ్ళవాపుల పేరా ఎత్తేసి, కొవ్వొత్తి బొమ్మ వేసి "త్యాగమూర్తులు" అని అచ్చేశాడు. నాతో అంతసేపు మాట్లాడిన నర్సు ఆ పత్రిక చూసి, ఏమీ అనకుండా మడిచి చేతికిచ్చేసింది. ఆ ఎడిటర్ మీద కోపం నాకిప్పటికీ పోలేదు. కరోనా రోజుల్లోనూ అంతే, దేవతలన్నారు, జీతాల మాటెత్తితే మొహం చాటేశారు.

నర్సు ఆగ్నెస్ జోన్స్ "ప్రాణాలర్పించింది" అన్నావు చూడు, అదీ మార్చు. 1865లో లివర్‌పూల్ బ్రౌన్‌లో హిల్‌లోని వర్క్‌హౌస్ (దిక్కులేని పేదలకి పని చేయించుకుని తిండీ నీడా ఇచ్చే చోటు) ఆస్పత్రికి ఆమె, శిక్షణ పొందిన 12 మంది నర్సులు వెళ్ళారు. అంతకుముందు అక్కడ రోగుల్ని చూసింది ఆ వర్క్‌హౌస్‌లోనే తలదాచుకున్న నిరుపేదలు. 1868లో టైఫస్‌తో పోయింది, 35 ఏళ్ళకి. టైఫస్ పేలవల్ల అంటుకుంటుందని అప్పటికెవరికీ తెలీదు. రోగి బట్టలు విప్పి ఒళ్ళు తుడిచేవాళ్ళకే ముందు ప్రమాదం. ఇది రాస్తే చాలు, అర్పించడాలు అక్కర్లేదు.

ఊరి మొదటి ఆరోగ్యాధికారి డాక్టర్ డంకన్ భాగం అలాగే ఉండనీ. రాత్‌బోన్‌కి ఒక పేజీ తగ్గించి, మేరీ భాగం మళ్ళీ రాసి పంపు. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం.