పాత ఆర్కేడ్ మెషీన్లు సేకరించబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాత ఆర్కేడ్ మెషీన్లు, అదే నాణెం వేసి ఆడే వీడియోగేమ్ పెట్టెలు, సేకరించడం మొదలుపెట్టాలని ఉందనీ, ముందుగా ఏది కొనమంటావనీ అడిగావు. ఏది అరుదైనదో, ఏది మున్ముందు మంచి ధర పలుకుతుందో ఆరా తీసే ముందు, చిన్నప్పుడు నువ్వు ఏ మెషీన్ దగ్గర ఎక్కువసేపు నిలబడేవాడివో గుర్తు చేసుకో. మొదట కొనవలసింది అదే. పాత మెషీన్ ఎప్పుడో ఒకప్పుడు మొరాయించక మానదు. అప్పుడు దాని ముందు ఓపికగా కూర్చుని బాగుచేసుకునేది ఆ ఆటతో అనుబంధం ఉన్నవాడే. పేరు చూసి కొన్న మెషీన్లు మొదటి మరమ్మతుకే మూలన పడి, వాటి మీద బట్టలు ఆరేసుకోవడం నేను కళ్లారా చూశాను.

చిన్ననాటి జ్ఞాపకం కంటిలో కంటే చేతిలో, చెవిలో ఎక్కువకాలం నిలుస్తుందని నా నమ్మకం. 1980లో నామ్కో సంస్థ తెచ్చిన ప్యాక్-మ్యాన్‌నే తీసుకో, చిక్కుదారుల్లో దయ్యాలను తప్పించుకుంటూ తిరిగే ఆట అది. దాని జాయ్‌స్టిక్ నాలుగు దిక్కులకే కదులుతుంది. పాతది అరిగిపోయిందని ఎవరో ఎనిమిది దిక్కుల స్టిక్ బిగించి ఉంటే, మలుపు దగ్గర చెయ్యి మూలకు జారిపోతుంది, ప్యాక్-మ్యాన్ తిరగవలసిన చోట తిరగదు, వెనకాల వస్తున్న దయ్యం పట్టేసుకుంటుంది. తెర మీద బొమ్మ అంతా సరిగానే ఉన్నా, ఇది నేను ఆడిన ఆట కాదని నీ చెయ్యి వెంటనే చెబుతుంది. కాబట్టి మెషీన్ చూడడానికి వెళ్లినప్పుడు ముందు పరీక్షించవలసింది స్టిక్, బటన్లు.

శబ్దం సంగతీ అంతే. 1978లో తైతో సంస్థ కోసం తొమొహిరో నిషికాడో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. గీయవలసిన బొమ్మలు తగ్గి ప్రాసెసర్‌కు భారం తగ్గడమే అందుకు కారణం. ఆ వేగంతోపాటే నాలుగు మంద్రస్వరాలు కూడా తరుముకొస్తాయి. ఆ ధ్వనులను పుట్టించేవి ఆటను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు మీది అనలాగ్ సర్క్యూట్లు. వాటిలో కెపాసిటర్ అనే చిన్న విద్యుత్ భాగం ఒకటి ఎండిపోతే ఆ ధ్వని మారిపోతుంది, లేదా మాయమవుతుంది. ఆ ఆట నిలువు క్యాబినెట్లలో, అంటే నిలబడి ఆడే పెట్టెల్లో, తెరను మనం నేరుగా చూడం. లోపలి అద్దంలో పడిన ప్రతిబింబం, వెనక చిత్రించిన చంద్రతలం మీద తేలుతూ కనిపిస్తుంది. తెలుపు నలుపు తెరకు రంగులిచ్చేవి అడ్డంగా అతికించిన రంగు ప్లాస్టిక్ పట్టీలు. ఆ అద్దం తీసేసి కొత్త రంగుల తెర పెట్టిన మెషీన్ ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. చవకకు అసలు కారణం అదే.

కొనే ముందు ఇంకొక పని చెయ్యి. పాత ఆటలను కంప్యూటర్లో నడిపించే మేమ్ (MAME) అనే ప్రోగ్రాం 1997 నుంచి ఉంది. నీకు గుర్తున్న ఆటలన్నీ దాని మీద కొన్నాళ్లు ఆడి చూడు. కొన్ని ఆటలు పది నిమిషాలకే విసుగనిపిస్తాయి. అలాంటప్పుడు నీ మమకారం ఆట మీదా, లేక ఆ రోజుల్లో పక్కన నిలబడిన నేస్తాల మీదా అని నిజాయితీగా ఆలోచించుకో. తర్వాతి వంతు తమదని చెప్పడానికి తెర కింది అంచున పిల్లలు వరుసగా నాణేలు పేర్చడం, వెనక నుంచి ఎవరో “ఎడమకి, ఎడమకి” అని అరవడం, ఓడినవాడు పక్కకు తప్పుకుని కూడా కదలకుండా చూస్తూ ఉండడం, ఇవే నీకు గుర్తొస్తున్నట్టయితే, ఒంటరిగా ఆడే అరుదైన మెషీన్ కంటే ఇద్దరు పక్కపక్కన నిలబడి తలపడేది కొను. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 లాంటిది ఇల్లంతా సందడి చేస్తుంది. నా దృష్టిలో ఇలాంటి సేకరణకు అర్థం ఉండేది నలుగురూ వచ్చి ఆడినప్పుడే.

1979 నాటి ఆస్టరాయిడ్స్ లాంటి వెక్టర్ మెషీన్‌తో మాత్రం మొదలుపెట్టకు. వాటి తెర మీద కిరణం గీతలను నేరుగా గీస్తుంది. తూటా ఒక్కొక్కటీ నిప్పురవ్వలా మెరుస్తుంది. ఆ అందం మరే తెరకూ రాదు, కానీ ఆ మానిటర్ చెడిపోతే విడిభాగాలు దొరకడం, బాగుచేసేవారు దొరకడం రెండూ కష్టమే. చెయ్యి తిరిగాక చూద్దువుగాని.

అమ్మేవారి దగ్గరకు వెళ్లినప్పుడు వెనక తలుపు తీయించు. క్యాబినెట్ అడుగు అంచులు చేత్తో తడిమి చూడు. చెక్కపొట్టు పలకతో చేసినవి చెమ్మకు ఉబ్బి పొడి రాలతాయి, అవి మళ్లీ బాగుపడవు. తరవాత బోర్డు మీద బ్యాటరీలు ఉన్నాయేమో చూడు. అత్యధిక స్కోర్లు గుర్తుంచుకోవడానికి పెట్టిన బ్యాటరీలు కారి, రాగి దారులను తినేసి, ఎన్నో మంచి బోర్డులను పాడుచేశాయి. 1981 నాటి డిఫెండర్‌కు ఈ బెడద ఉంది. క్యాప్‌కామ్ సంస్థ సీపీఎస్-2 రకం బోర్డుల్లో అయితే బ్యాటరీ అయిపోగానే దాని ఆధారంతో నిలిచిన, ఆటను తెరిచే రహస్య సంకేతాలు చెరిగిపోయి ఆటే ఆగిపోతుంది. బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగకుండా ఆ బోర్డు కొనకు. చిప్‌ల మీద చిన్న గాజు కిటికీలు కనిపిస్తే వాటి మీది స్టిక్కర్లు పీకకు. వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అందులోని ప్రోగ్రాం క్రమంగా చెరిగిపోతుంది. ఇక తెర ఆపి ఉన్నప్పుడు కూడా దాని మీద ఆట నీడ కనిపించవచ్చు. ఏళ్ల తరబడి ఒకే బొమ్మ వెలగడం వల్ల పడిన మచ్చ అది. ధర తగ్గించమని అడగడానికి అది న్యాయమైన కారణం.

ఇప్పుడు చెప్పేది ఆజ్ఞ అనుకో. ప్లగ్ తీసేసినా పిక్చర్ ట్యూబ్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. రంగుల ట్యూబ్ నడుస్తున్నప్పుడు దాని ఎర్ర రబ్బరు మూత కింద సుమారు 20,000 వోల్టులు ఉంటాయి. ఆ ఛార్జిని ఎలా దింపాలో తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకున్నాకే మానిటర్ మీద చెయ్యి వెయ్యి. చేతికి ఉంగరం, గడియారం వద్దు. అలాగే మెషీన్ ఎక్కడి విద్యుత్తు కోసం తయారైందో చూడకుండా ప్లగ్ పెట్టకు. అమెరికా మెషీన్ 110 వోల్టుల చుట్టూ, జపాన్‌ది 100 వోల్టుల మీద నడిచేలా ఉంటుంది.

ఆట మధ్యలో మళ్లీ మొదటికి వచ్చేస్తుంటే బోర్డు పోయిందని బెంగపడకు. 5 వోల్టుల సరఫరాను బోర్డు దగ్గరే మల్టీమీటర్‌తో కొలిచి చూడు. పవర్ సప్లై దగ్గర సరిగ్గా ఉన్నా, పాత తీగలు, మసిబారిన కనెక్టర్ దాటి వచ్చేసరికి అది తగ్గిపోతుంది. బొమ్మ వంకర్లు తిరుగుతుంటే ముందు మానిటర్‌లోని కెపాసిటర్లను అనుమానించు. బోర్డుకూ క్యాబినెట్‌కూ మధ్య తీగల అమరిక ఒకే తీరుగా ఉండేలా 1985లో వచ్చిన జామా (JAMMA) పద్ధతి బోర్డులతో మొదలుపెడితే ఒకే క్యాబినెట్‌లో బోర్డులు మార్చుకుంటూ అనేక ఆటలు ఆడవచ్చు. చోటు తక్కువ ఉన్నవారికి ఇంతకంటే మంచి దారి లేదు.

ఏ తీగ ఊడదీసినా ముందు ఫోటో తియ్యి. పక్క బొమ్మలు వెలిసిపోయాయని, కంట్రోల్ ప్యానెల్ మీద గీతలు, సిగరెట్ కాలిన మచ్చలు ఉన్నాయని కొత్తవి అతికించడానికి తొందరపడకు. ఆ గీతలు నీలాంటి పిల్లల చేతులు చేసినవే. పనిచేస్తున్న పాత బోర్డును పీకేసి, అరవై ఆటలు ఒకే దాంట్లో వచ్చే బోర్డు పెట్టమనే వాళ్లు తప్పకుండా తగులుతారు. అలాంటి బోర్డు కావాలంటే ఖాళీ క్యాబినెట్ వేరే కొనుక్కో.

నిలువు క్యాబినెట్లలో 100 కిలోలు దాటేవి చాలా ఉన్నాయి కాబట్టి, డబ్బు ఇవ్వకముందే మీ గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు కొలుచుకో. బేరం కుదిరేలా ఉంటే వెనక తలుపు తీసి లోపలి భాగం, బోర్డు రెండు వైపులా, మానిటర్ మెడ దగ్గర స్పష్టంగా ఫోటోలు తీసి నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా స్విచ్ వెయ్యకు.

ఇట్లు,
మీ మామయ్య