టర్బోచార్జర్‌కూ సూపర్‌చార్జర్‌కూ తేడా ఏంటి?

రెండూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేవే. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ ఇంధనం మండుతుంది, పవర్ పెరుగుతుంది. తేడా అంతా ఆ పంపును తిప్పేది ఏది అన్న దగ్గరే.

సూపర్‌చార్జర్‌ను మామూలుగా ఇంజినే బెల్టుతో తిప్పుతుంది. తొక్కగానే పికప్ వస్తుంది గానీ, దాన్ని తిప్పడానికే కొంత పవర్ పోతుంది, మైలేజీ పడిపోతుంది. మన కార్లలో ఇది అరుదు.

టర్బోను సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ తిప్పుతుంది, నిమిషానికి లక్ష చుట్లు కూడా దాటుతుంది. చిక్కల్లా, పొగ జోరందుకునేదాకా ఆగాలి. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి లారీని ఓవర్‌టేక్ చేయబోతే బండి ఒక్క క్షణం బద్ధకిస్తుంది, ఆ వెంటనే సీటుకు అతుక్కుపోతాం. అదే టర్బో ల్యాగ్. ఒక గేరు తగ్గించి తొక్కితే చాలావరకు పోతుంది.

రోజూ తిరగడానికి నా ఓటు టర్బోకే. ఒక్క జాగ్రత్త: నల్లగొండ ఎండలో గట్టిగా తోలి వచ్చాక వెంటనే ఆఫ్ చేయకండి. ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచితే ఆయిల్ తిరిగి టర్బో బేరింగులు చల్లబడతాయి. "ఇల్లొచ్చినా బండి ఆపవేంది?" అని మా ఇంట్లో రోజూ గొడవే.