ఆక్వాపోరిన్-4 కిడ్నీలోనూ ఉంటుంది కదా, మరి దెబ్బ మెదడుకే ఎందుకు?

మీ అక్క రిపోర్టులో ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పాజిటివ్ అని వచ్చిందని, ఆ ప్రొటీన్ కిడ్నీల్లో, కడుపులో, కండరాల్లో కూడా ఉంటుందని చదివి భయమేస్తోందని రాశారు. అవన్నీ పాడైపోతాయా అని అడిగారు. ఏడేళ్ల కిందట ఇదే భయంతో నాకూ నిద్ర పట్టేది కాదు. మా చెల్లికీ ఇదే జబ్బు, న్యూరోమైలైటిస్ ఆప్టికా. రోగాల్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలే పొరపాటున మన వెన్నుపాము, కంటి నరాలు, మెదడు మీద పడే జబ్బు ఇది. నేను డాక్టర్ని కాను, ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. అందుకే ఈ ప్రొటీన్ సంగతేంటో పట్టుబట్టి చదివాను.

ముందు జవాబు చెప్పేస్తాను: మామూలుగా అవేవీ పాడవవు. ఎందుకంటే...

ఆక్వాపోరిన్లు కణం పొరలో నీళ్లు వెళ్లే సన్నటి దారులు. వాటిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అందులో నాలుగో రకం అందరి మెదడులో, వెన్నుపాములో, కంటి నరాల్లో దండిగా ఉంటుంది. అక్కడా నరాల కణాల మీద ఉండదు. వాటికి తోడుగా ఉండే ఆస్ట్రోసైట్ల మీద ఉంటుంది, అదీ కణమంతా సమంగా పరుచుకుని కాదు. ఆస్ట్రోసైట్ కొమ్మలు చాచి రక్తనాళాన్ని చుట్టుకుంటుంది చూడండి, ఆ కొమ్మల చివర్లోనే, రక్తనాళం వైపుకే గుంపుగా చేరి ఉంటుంది.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో వాండా లెనన్ అనే పరిశోధకురాలి బృందం 2004లో ఈ యాంటీబాడీని, 2005లో అది పట్టుకునేది ఆక్వాపోరిన్-4నే అని బయటపెట్టింది. రోగుల సీరాన్ని, అంటే రక్తంలో యాంటీబాడీలుండే నీటి భాగాన్ని, ఎలుక కణజాలం మీద వేసి, యాంటీబాడీ అతుక్కున్న చోటు మెరిసేలా చేస్తే మెదడుతో పాటు కిడ్నీ గొట్టాలు, కడుపు లోపలి పొర కూడా మెరిశాయి. అంటే యాంటీబాడీ కిడ్నీ ప్రొటీన్‌ని కూడా పట్టుకోగలదు. అయినా కిడ్నీకి ఏమీ కాదు. యాంటీబాడీ అతుక్కున్నాక కణానికి చిల్లు పెట్టేది కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ. కిడ్నీ, కడుపు, కండరాల్లో ఆక్వాపోరిన్ పక్కనే సీడీ59 లాంటి ప్రొటీన్లు ఉండి దాన్ని ఆపేస్తాయి. ఆస్ట్రోసైట్ కొమ్మల చివర ఆ కాపలా లేదు. ఇది చదివిన రోజే నాకు కొంచెం ఊపిరాడింది.

జబ్బు సోకిన చోట మైక్రోస్కోపులో చూస్తే ఆక్వాపోరిన్-4 మాయమై ఉంటుంది, రక్తనాళాల చుట్టూ కాంప్లిమెంట్ ఉంగరాల్లా పేరుకుని ఉంటుంది. మెదడు, వెన్నుపాములకే వచ్చే మరో జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ అలా కాదు, అందులో దెబ్బ ముందు మైలిన్‌కి, అంటే నరాల తీగల మీదుండే కొవ్వు తొడుగుకి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి వాడే ఇంటర్‌ఫెరాన్ బీటా అనే మందు మన ఈ జబ్బుని ముదిరేలా చేయగలదు. అందుకే జబ్బు పేరు తేలడం అంత ముఖ్యం.

ఇప్పుడు మా చెల్లి సంగతి. ముందు కాళ్లూ కాదు, కళ్లూ కాదు, ఎక్కిళ్లు వచ్చాయి. పదకొండు రోజులు. పెరుగన్నం ముద్ద నోట్లో పెడితే ఎక్కిలి, వెంటనే వాంతి. ఎవరో తలుచుకుంటున్నారే అని నాయనమ్మ చుట్టాల పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పేది. చక్కెర తినిపించాం, ఊపిరి బిగబట్టించాం. ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసి, అంతా నార్మల్, గ్యాస్ అని పంపించేశారు. వాటంతట అవే తగ్గాయి. మూడు వారాలకు ఒక పొద్దున స్నానాల గదిలోంచి పిలిచింది. కాళ్ల మీద వేడినీళ్లు పోసుకుంటోంది, పాదాలు ఎర్రగా కందిపోయాయి, తనకేమో వేడే తెలియట్లేదు. ఎంఆర్ఐలో వెన్నుపాములో నాలుగు వెన్నుపూసల పొడవునా వాపు, మెదడు అడుగున మెడుల్లా వెనక ఒక చిన్న మచ్చ.

ఆ మచ్చ ఉన్న చోటే వాంతుల కేంద్రం, ఏరియా పోస్ట్రీమా. అక్కడ ఆక్వాపోరిన్-4 ఎక్కువ, పైగా మెదడులో మిగతా చోట్ల ఉండే రక్తపు అడ్డుగోడ అక్కడ పలచన, యాంటీబాడీ సులువుగా చొరబడుతుంది. మైలిన్ పెద్దగా పోదు కాబట్టి ఎక్కిళ్లు పూర్తిగా తగ్గిపోతాయి, తగ్గాయి కదా అని మనం మర్చిపోతాం. మేం అలాగే మూడు వారాలు పోగొట్టుకున్నాం. ఆ మూడు వారాలు ఇప్పటికీ నన్ను తొలుస్తాయి.

చెల్లికి స్టెరాయిడ్, ప్లాస్మా మార్పిడి, తర్వాత జబ్బు తిరగబెట్టకుండా రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చారు. ఇప్పుడు నడుస్తోంది, ఎడమ పాదంలో మాత్రం స్పర్శ కొంచెం తక్కువ. కిడ్నీ పరీక్షలు ఈ ఏడేళ్లలో ఒక్కసారి కూడా తేడాగా రాలేదు. మీ అక్క మందులు డాక్టరు చెప్పకుండా ఆపకండి. కన్ను మసకబారినా, కాళ్లు మొద్దుబారినా, రెండు రోజులైనా ఎక్కిళ్లో వాంతులో ఆగకపోయినా గ్యాస్ మాత్ర వేసి ఊరుకోవద్దు. న్యూరాలజిస్టుకు ఆ రోజే ఫోన్ చేసి, ఆక్వాపోరిన్ పాజిటివ్ అన్న మాట ముందు చెప్పండి.